ఏమో పిన్నితో మాట్లాడిన గోడ

మా పిన్ని దేన్నీ నమ్మేది కాదు. పాలు గిన్నెలో పోసి వాసన చూసేది, కాచాక మళ్ళీ చూసేది. తలుపుకి తాళం వేసి, మెట్లు దిగి, సగం వీధి నడిచాక వెనక్కి వచ్చి తాళాన్ని పట్టుకుని గుంజేది. మా గడియారం సరిగ్గా నడుస్తోందో లేదోనని పక్కింటికి వెళ్ళి వాళ్ళ గడియారం చూసి వచ్చేది. వచ్చాక, వాళ్ళు మన గడియారం చూసే ముళ్ళు తిప్పుకున్నారేమోనని అనుమానపడేది. ఎవరు ఏం చెప్పినా ఆవిడ నోట ముందు వచ్చే మాట "ఏమో". అలా మా ఇంట్లో ఆవిడ ఏమో పిన్ని అయింది. తర్వాత వీధికీ, పనిచేసే చోటికీ కూడా ఆ పేరే పాకింది.

మా అమ్మకి ఆఖరి చెల్లెలు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో, అంతే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, చూడ్డానికి వచ్చినవాళ్ళు చెప్పిన మాటలు ఒక్కటీ నమ్మబుద్ధి కాలేదనేది. మా ఇంట్లోనే వీధివైపు గదిలో ఉండేది.

నాకు లెక్కల మాస్టారుగా ఉద్యోగం వచ్చిన కొత్తలో, రేపటి పాఠాన్ని ఇంట్లో పైకి చెప్పుకుని సాధన చేసేవాణ్ణి. ఒకరోజు త్రిభుజంలో మూడు కోణాలూ కలిపితే రెండు లంబకోణాలు అవుతాయని గోడకి పాఠం చెబుతున్నాను. పిన్ని గుమ్మంలో నిలబడి విన్నది.

"అన్ని త్రిభుజాలకీనా?"

"అన్నిటికీ."

"అన్నీ చూశావా?"

"చూడక్కర్లేదు పిన్నీ. రుజువు ఉంది."

"అంటే చూడకుండానే చెబుతున్నావన్నమాట. ఏమో," అని వెళ్ళిపోయింది. అంత మంచి ప్రశ్న నా సర్వీసు మొత్తంలో ఏ పిల్లవాడూ అడగలేదు.

పిన్ని పనిచేసేది పుస్తకాలు బైండింగ్ చేసే చోట. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాలను మడిచి ఫారాలు చేస్తారు. ఫారాలను వరసగా పేర్చి దారంతో కుడతారు. కుట్టిన వీపుకి జిగురు పూసి అట్ట వేస్తారు. పిన్నిది కుట్టుపని. ఈ లోకంలో ఆవిడ నమ్మిన వస్తువు ఏదైనా ఉందంటే అది దారమే. "దారం తెగితే తెగినట్టు కనిపిస్తుంది. జిగురు అలా కాదు, ఊడే రోజు దాకా పట్టుకున్నట్టే నటిస్తుంది," అనేది.

ఆ మాట ఆవిడ కావాలనే అనేది. ఎందుకంటే జిగురు పూసే ఆవిడ పక్కనే ఉండేది. అందరూ ఆవిడని జిగురక్క అంటారు. లావుపాటి మనిషి, నవ్వితే భుజాలు కూడా నవ్వుతాయి. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, జిగురు తనే కాచేది. "నా జిగురు లేకపోతే నీ దారాన్ని పట్టించుకునేది ఎవరు వదినా," అని ఆవిడ, "నా దారం లేకపోతే నీ జిగురు కాగితాల మీద గంజి వదినా," అని ఈవిడ. చిన్నప్పటి నుంచీ ఒకే చోట పనిచేశారు. సగం జీవితం ఒకే టిఫిను డబ్బా మూతలో తిన్నారు. పిన్ని వాసన చూడకుండా చేయి పెట్టే డబ్బా అదొక్కటే.

వాళ్ళు పనిచేసే హాలు గురించి చెప్పాలి. ఒకప్పుడు ఎవరో కచేరీల కోసమో ఉపన్యాసాల కోసమో కట్టించారట. ఎక్కడా మూల అనేది లేదు. గోడ కోలగా చుట్టూ తిరిగి వస్తుంది. అందరూ దాన్ని గుడ్డు హాలు అంటారు. నేను ఒప్పుకోను. గుడ్డుకి ఒక కొస లావు, ఒక కొస సన్నం. ఈ హాలుకి రెండు కొసలూ ఒక్కటే. పైకప్పు కూడా ఆ వంపులోనే బోర్లించిన గిన్నెలా ఉంటుంది. గోడలకి పట్టించిన సున్నం అద్దంలా నునుపు. ఒక కొసకి కాస్త ఇవతల యజమాని బల్ల. ఆయన్ని పెద్దాయన అంటారు. ఆయన బల్ల పక్కన అట్టల దొంతర, దొంతరకి ఇవతల పిన్ని పీట. అవతలి కొస దగ్గర కిటికీ, కిటికీకి కాస్త ఇవతల జిగురక్క స్టూలు. మిగతావాళ్ళంతా మధ్యలో.

అక్కడ ఒక కట్టుబాటు ఉంది. పొద్దున ఫారాలు పేర్చే వేళ ఎవరూ నోరు మెదపకూడదు. మాటల్లో పడి వెనక ఫారం ముందుకి వచ్చిందంటే, చదివేవాడికి కథలో పెళ్ళి కాకుండానే మనవలు పుట్టేస్తారు. అందుకని ఆ వేళ హాల్లో కాగితాల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. పెద్దాయన తన రహస్యాలు మాట్లాడుకునేది సరిగ్గా అప్పుడే. అందరి బుర్రలూ ఫారాల మీద ఉంటాయి కదా అని ఆయన ధైర్యం. ఎదురుగా ఆయన బావమరిది కూర్చునేవాడు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడేవాళ్ళు. పెద్దాయనకి చెవుడు కాస్త మొదలైంది గానీ ఎవరైనా ఆ మాట అంటే కోపం.

ఒకరోజు మధ్యాహ్నం టీ వేళకి హాలంతా ఒకటే వార్త. వీపుకి వేడి గమ్ము అంటించే మెషిను వస్తోందట, కుట్టుపని ఎత్తేస్తారట. పెద్దాయన మొహం మాడిపోయింది. ఆ మాట ఆయనా బావమరిదీ తప్ప మూడో మనిషి ఎరగడు. బావమరిది చెప్పనన్నాడు. ఇక మిగిలింది ఎవరు? బల్లకి దగ్గరగా కూర్చున్న మనిషి.

"ఏమ్మా, చెవులు ఇటు పెట్టి కూర్చుంటున్నావా?" అన్నాడు పెద్దాయన పిన్నితో.

"నాకేం వినపడలేదు. మధ్యలో ఇంత అట్టల దొంతర ఉంటే," అంది పిన్ని.

"మరి గాలి చెప్పిందా?"

ఆ మాటకి హాలు ఆ చివర జిగురక్క తల వంచుకుని కుంచెతో జిగురు కలుపుతూ ఉండిపోయింది. పిన్ని అది చూసింది. పిన్ని చూడనిది ఏముంటుంది గనక.

పెద్దాయన వెంటనే తీర్పు చెప్పేశాడు. పిన్ని వెళ్ళి జిగురక్క స్టూలు మీద కూర్చోవాలి, జిగురక్క వచ్చి పిన్ని పీట మీద. "అంత దూరం నుంచి ఎలా వింటావో చూస్తాను," అన్నాడు. ఊళ్ళో ఇంకే బైండింగ్ షాపు యజమానీ ఇలాంటి పొరపాటు చేయలేడు. ఎందుకంటే ఇంకెవరి హాలూ అలా ఉండదు.

ఆ రోజు నుంచి స్నేహం విరిగింది. తన పేరు పెద్దాయన చెవిన వేసింది జిగురక్కేనని పిన్ని అనుమానం. ఆవిడ అలా తల వంచుకుందంటే ఊరికే వంచుకుందా? జిగురక్క అనుమానం ఏమిటో అప్పటికి మాకు తెలియదు. డబ్బా మూతలు వేరయ్యాయి. "వదినా" పోయి "మీరు" వచ్చింది. ఇద్దరు ముసలివాళ్ళు ఒకరినొకరు "మీరు" అనుకుంటుంటే చుట్టుపక్కలవాళ్ళకి ఒళ్ళు గగుర్పొడిచేదట.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆ కొత్త చోట కూర్చున్నప్పటి నుంచీ పిన్ని వింత వింత ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. ఫారాలు పేర్చే వేళ పక్కకి తిరిగి, "లారీ ఎందుకు వెనక గేటు దగ్గర ఆపమంటున్నావు?" అని పక్కనున్న అమ్మాయిని గద్దించేది. ఆ అమ్మాయి పాపం నోరే తెరవలేదు. మధ్యాహ్నానికి నిజంగానే లారీ వెనక గేటు దగ్గర ఆగేది. మరుసటి రోజు, "ఎవరే టీ నీళ్ళలా ఉందన్నది?" అనేది. పెద్దాయన ఎంత గుసగుసగా అన్నా, అది హాలు ఆ చివర పిన్ని నోటి నుంచి బయటికి వచ్చేది. ఆయనకి పిచ్చెక్కినట్టయింది. బావమరిదిని అనుమానించాడు, జిగురక్కని అనుమానించాడు, టీ తెచ్చేవాణ్ణి అనుమానించాడు. చివరికి పిన్నిని పిలిచి ఒకే మాట చెప్పాడు. "నీకు ఈ మాటలు ఎవరు మోస్తున్నారో ఈ వారం లోపల చెప్పు. చెప్పకపోతే పై వారం నుంచి రావద్దు."

ఆ సాయంత్రం పిన్ని ఇంటికి వచ్చి, తలుపు గడియ వేసి గుంజి చూడకుండానే లోపలికి వచ్చేసింది. నాకు అప్పుడే భయం వేసింది.

"ఒరేయ్, మా అమ్మకి ఏ వయసులో మొదలైందో నీకు గుర్తుందా?" అంది.

ఏది అని నేను అడగలేదు. మా అమ్మమ్మ ఆఖరి రోజుల్లో గోడకి ఎదురుగా కూర్చుని ఎవరితోనో మాట్లాడుతూ ఉండేది. అడిగితే, వాళ్ళే ముందు పలకరించారనేది. ఆ గదిలోకి వెళ్ళాలంటే పిల్లలం జంకేవాళ్ళం. పిన్ని మాత్రం చివరిదాకా ఆవిడ పక్కనే పడుకుంది.

"నాకు చెవి పక్కన ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోందిరా. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఇప్పుడు పని మానేసి ఇంట్లో కూర్చుంటే ఇంకా బాగా వినిపిస్తుందేమో. గోడ దగ్గర కూర్చుని..." అని ఆగిపోయింది.

అంత అనుమానపు మనిషి జీవితంలో మొదటిసారి తనని తానే అనుమానించింది. నేను మంచినీళ్ళు ఇచ్చి, నిదానంగా అడిగాను.

"ఆ గొంతు ఏమంటుంది పిన్నీ?"

"ఏమంటుంది. మొన్న లారీ వెనక గేటు దగ్గర ఆపమంది. నిన్న టీ నీళ్ళలా ఉందంది. ఇవాళ అట్టలు తడిశాయి, ఎండబెట్టమంది."

అమ్మమ్మతో మాట్లాడేవాళ్ళు ఎప్పుడో పోయిన చుట్టాలు. వాళ్ళెవరూ టీ గురించి ఫిర్యాదు చేసినట్టు నాకు గుర్తు లేదు.

"ఇంట్లో ఎప్పుడైనా వినిపించిందా?"

"లేదు."

"బజార్లో?"

"లేదు. ఆ స్టూలు మీదే." కాసేపు నన్ను చూసి, "ఏమిట్రా, వైద్యుడిలా అడుగుతున్నావు?" అంది.

మర్నాడు బడికి సెలవు పెట్టి, ఆవిడ మర్చిపోయిన కళ్ళజోడు ఇచ్చే నెపంతో బైండింగ్ హాలుకి వెళ్ళాను. కళ్ళజోడు ఆవిడ మర్చిపోలేదు, నేనే దాచాను. పిన్ని ఫారాల కట్ట కోసం వెనక గదికి వెళ్ళింది. నేను స్టూలు మీద కూర్చున్నాను. హాలు నిశ్శబ్దంగా ఉంది. అప్పుడు నా చెవి పక్కనే, నా భుజం మీద గడ్డం ఆనించి చెప్పినట్టు ఒక గొంతు. "ఆ మాస్టారు ఎందుకొచ్చాడు? మాటలు మోసేది వీడేనేమో."

నేను గిర్రున తిరిగాను. ఎవరూ లేరు. హాలు ఆ చివర, మనుషుల తలల మీదుగా, పెద్దాయనా బావమరిదీ దగ్గరగా వంగి నన్నే చూస్తున్నారు. నేను వాళ్ళని చూశాను, పైకప్పుని చూశాను, చుట్టూ తిరిగిన గోడని చూశాను. ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద నేను గీసిన బొమ్మ లోపల నేనే కూర్చుని ఉన్నాను. స్టూలు మీంచి లేచి కాస్త పక్కకి జరిగితే గొంతు మాయం. మళ్ళీ కూర్చుంటే హాజరు. నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ లేచి వెళ్ళిపోతున్న నన్ను చూసి బావమరిది అనుమానం ఖాయం చేసుకున్నాడట.

సాయంత్రం ఇంట్లో ఒక పాత అట్ట మీద రెండు గుండుసూదులు గుచ్చాను. పిన్ని పెట్టెలోంచి బైండింగ్ దారం తీసి, రెండు కొసలూ ముడివేసి, సూదుల చుట్టూ వదులుగా వేశాను. పెన్సిలు మొనతో దారాన్ని బిగలాగి, బిగువు తగ్గకుండా చుట్టూ తిప్పాను. కోలగా గీత పడింది.

"ఇదే మీ హాలు. ఈ ఆకారాన్ని దీర్ఘవృత్తం అంటారు. ఈ సూది పెద్దాయన బల్ల, ఆ సూది నీ స్టూలు. వీటిని నాభులు అంటారు."

"ఊఁ."

"పెద్దాయన నోటి నుంచి మాట నాలుగు పక్కలకీ పోతుంది. గోడకి తగిలి మళ్ళుతుంది. బంతి గోడకి ఏ వాలుగా తగిలితే అదే వాలుగా ఇవతలికి వస్తుంది కదా, అలాగే. ఈ గీత మీద ఎక్కడ తగిలినా, ఆ వాలు తిన్నగా రెండో సూది దగ్గరికే తెస్తుంది. ఇంకో సంగతి చూడు. ఈ సూది నుంచి గోడకి, గోడ నుంచి ఆ సూదికి, ఎక్కడ కొలిచినా దారం పొడవు ఒక్కటే. అంటే వేరువేరు దారుల్లో బయల్దేరిన మాటంతా ఒకేసారి, ఒకేచోటికి చేరుతుంది. ఆ చోట నీ చెవి ఉంది."

పిన్ని అట్టని తిప్పి వెనక వైపు చూసింది. అక్కడ ఇంకేమైనా ఉందేమోనని.

"ఇది నీ పాఠం. ఆ గోడకి నీ పాఠం తెలుసా?"

"గోడకి తెలియదు పిన్నీ. కానీ కట్టిన మేస్త్రీ కూడా నేలలో రెండు మేకులు కొట్టి తాడుతోనే గీసుకుని ఉంటాడు."

"సరే, మేస్త్రీకి తెలుసు. మాటకి ఎవరు చెప్పారు, ఇలా వెళ్ళాలని?"

మనం కాగితం మీద కూర్చుని ఆలోచించిన గీతకి, మనల్ని ఎరగని గాలీ వెలుతురూ ఎందుకు లోబడతాయో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కాళ్ళు నేల మీద నిలవవు. ఆ ఊపులో, భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి కూడా ఈ ఆకారమే, ఒక సూది ఉన్నచోట సూర్యుడు ఉంటాడని చెప్పేశాను.

"రెండో సూది దగ్గర?"

"ఏమీ లేదు."

"ఏమీ లేనిచోట సూది ఎందుకు గుచ్చారు?" అని, నా వైపు అదోలా చూసి, "ఏమో," అంది. కానీ ఆ రాత్రి భోజనం చేసింది. వారం రోజులుగా సరిగ్గా తినడం లేదు.

వారం ఆఖరి రోజున ఇద్దరం కలిసే వెళ్ళాం. నేను పెద్దాయనకి విషయం చెప్పడం మొదలుపెట్టాను. ఆయన చేయి అడ్డం పెట్టాడు.

"మాస్టారూ, నాకు లెక్కలు రావు. ఎవరైనా నా నెత్తిన టోపీ పెడుతుంటే మాత్రం తెలుస్తుంది."

"మీకు తెలుస్తుంది సరే, నాకూ తెలియాలిగా," అంది పిన్ని. "నాకూ వీడి మాట మీద నమ్మకం లేదు."

దారం ఉండ తీసింది. ఒక కొస పెద్దాయన బల్ల మీది పేపరువెయిటుకి కట్టింది. రెండో కొస హాలు ఆ చివర తన స్టూలు మీద ఎత్తుగా పేర్చిన పుస్తకాలకి కట్టింది. మధ్య దారాన్ని గోడ దాకా లాగి, వేలితో గోడకి ఆనించి బిగువు సరిచూసుకుంది. ఇక అక్కడి నుంచి గోడ వెంట నడవడం మొదలుపెట్టింది, వేలి మీద దారం జారుతూ ఉండగా. పనిచేస్తున్నవాళ్ళు తలలు వంచి దారి ఇచ్చారు. కిటికీ దగ్గర వేలెడు వదులొచ్చింది, అలమర దగ్గర కాస్త బిగిసింది. అంతే. ఈ చివర నుంచి ఆ చివర దాకా దారం గోడని వదల్లేదు, తెగలేదు. పిన్ని ఆ చివర ఆగి తన వేలిని చూసుకుంది. దారాన్ని నమ్మిన మనిషి. అట్ట మీద నేను గీసింది పాఠం, ఇది మాత్రం దారం.

"ఉంది," అంది మెల్లగా.

"ఏముంది? గోడ ఉంది," అన్నాడు బావమరిది.

"ఆవిడని అక్కడ కూర్చోమనండి," అంది పిన్ని, జిగురక్కని పేరు పెట్టకుండా చూపించి. జిగురక్క వెళ్ళి, పుస్తకాలు కిందికి దింపి, స్టూలు మీద కూర్చుంది. పిన్ని పెద్దాయన కుర్చీలో కూర్చుని, అందరికీ వీపు పెట్టి, గోడకి ఏదో చెప్పింది. రెండడుగుల దూరంలో ఉన్న నాకే ముక్క అర్థం కాలేదు. హాలు ఆ చివర జిగురక్క చేతిలో కుంచె కింద పడిపోయింది.

"ఏమంది?" అన్నాడు పెద్దాయన.

జిగురక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అది మా ఇద్దరి మాట," అంది.

"చూశారా," అన్నాడు పెద్దాయన నా వైపు తిరిగి. "ముందే కూడబలుక్కుని వచ్చారు. ఏం వినిపించిందో కూడా చెప్పదు."

ఒక్క మాట చెబితే పని నిలబడుతుంది, ఆ ఒక్క మాటా ఆ మనిషి చెప్పనంటోంది. పిన్ని అడగనూ లేదు. అప్పుడు జిగురక్క లేచి నిలబడింది.

"అది చెప్పను. ఇది చెబుతాను. ఆ స్టూలు మీద నేనున్నన్నాళ్ళూ నాకూ వినిపించేది. మెషిను సంగతి ముందు విన్నది నేను. ఎవరన్నారో తెలియక, పక్కవాళ్ళని అడిగాను. అది అందరికీ పాకింది. మీరు ఆవిడని గద్దించినప్పుడు చెప్దామనుకున్నాను. గాలిలో వినిపించిందంటే నన్ను పిచ్చిదాన్ని అంటారని నోరు మూసుకున్నాను. తర్వాత ఆవిడ అక్కడ కూర్చుని పక్కవాళ్ళని గద్దిస్తుంటే, ఆవిడకి వినిపించేది మనుషుల మాటే కాబోలు, గాలిలో వినిపించింది నాకొక్కదానికే, నాకే ఏదో అయిందని భయపడి చచ్చాను."

ఇద్దరు ఆడవాళ్ళు, ఒకే భయం, ఒకరికొకరు చెప్పుకోకుండా మోశారు. పెద్దాయన మాత్రం కరగలేదు.

"మాటలు ఎన్నైనా చెబుతారు. నేనే కూర్చుంటాను. నాకు వినపడితే అప్పుడు ఒప్పుకుంటాను," అని విసవిసా నడిచి వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. చేతులు కట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

ఆయన చెవుల సంగతి అందరికీ తెలుసు. పిన్ని కుర్చీలోంచి లేచింది. బావమరిది ఆ కుర్చీలో కూలబడి, నా వైపు వంగి, నోటికి చేయి అడ్డం పెట్టుకుని, పెదవులతోనే అన్నంత మెల్లగా అన్నాడు. "ఎందుకొచ్చిన గోల మాస్టారూ. మా బావకి పక్కన డప్పు కొట్టినా వినపడదు. ఇంట్లో మా అక్క సైగలతోనే నెట్టుకొస్తోంది."

"నా చెవులకి ఏ రోగమూ రాలేదురా," అన్నాడు పెద్దాయన హాలు ఆ చివర నుంచి, కళ్ళు తెరవకుండానే. "మీ అక్క సంగతి ఇంటికి వెళ్ళాక చూస్తాను."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత జిగురక్క భుజాలు నవ్వడం మొదలైంది. పెద్దాయన కళ్ళు తెరిచి గోడని చూశాడు, పైకప్పుని చూశాడు. కోపం దిగిపోయి, ఆయన మొహంలో ఇంకో ఆలోచన వచ్చింది. ఇన్నాళ్ళూ ఆ బల్ల దగ్గర తను ఏమేం మాట్లాడి ఉంటాడా అని. జిగురక్క వైపు చూశాడు. ఆవిడ మర్యాదగా కిటికీ వైపు తిరిగింది.

పై వారం పిన్ని మామూలుగానే పనికి వెళ్ళింది. దాచినా దాగదని తేలాక పెద్దాయన అందరినీ కూర్చోబెట్టి మెషిను సంగతి పైకే చెప్పాడు. పలచని పుస్తకాలకి మెషిను వచ్చింది, లావు పుస్తకాలు దారం మీదే ఉన్నాయి. పని కొంత తగ్గింది గానీ ఎవరినీ పొమ్మనలేదు. ఆయన తన బల్లని మాత్రం వెంటనే అక్కడి నుంచి పక్కకి జరిపించాడు. ఎక్కడికి జరిపినా స్థిమితం లేక, నన్ను పిలిపించి, "ఇక్కడైతే ఫరవాలేదా మాస్టారూ?" అని గొంతు తగ్గించి అడిగేవాడు.

పిన్ని మారిందా అంటే, అనుమానాలు పెరిగాయి. లెక్కలకి గోడలతో సంబంధం ఉందని తేలాక, ఇంకా వేటితో ఉందోనని నన్ను వదల్లేదు. దారం చిక్కుపడితే తెచ్చి నా ముందు పడేసేది. "దీనికి కూడా ఉందా మీ లెక్కల్లో ఏదైనా?" ఉంది పిన్నీ, ముడులని చదివే గణితం వేరే ఉంది, ఏ ముడి విప్పితే వస్తుంది, ఏది కత్తిరిస్తే గానీ రాదు అని చూస్తారు, మన ఒంట్లో కణాల లోపల కూడా పొడుగాటి పోగులు చుట్టలు పడి ఉంటాయట, అవి ఎలా చిక్కుపడతాయో, ఎలా విడతాయో తెలుసుకోవడానికి అదే పనికొస్తుంది అని చెప్పాను. పిన్ని చాలాసేపు దారం విప్పుతూ కూర్చుంది. "ముడుల మీద పాఠాలు చెప్పేవాళ్ళకి జీతాలు కూడా ఇస్తారా?" అంది చివరికి. ఇస్తారన్నాను. "ఏమో," అంది.

పెద్దాయన బల్ల జరిపాక ఆ చోట ఖాళీగా ఉంది. జిగురక్క తన జిగురు గిన్నె తెచ్చి అక్కడ పెట్టుకుంది. పిన్ని తన పాత పీట అడగలేదు, ఆ చివర స్టూలు మీదే ఉండిపోయింది. హాలుకి ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు, మధ్యలో ఇంతమంది మనుషులు. ఫారాలు పేర్చే వేళ అంతా నోళ్ళు మూసుకుని ఉంటే, వీళ్ళిద్దరూ గోడల వైపు తిరిగి పెదవులు కదుపుతూ ఉండేవాళ్ళు. కట్టుబాటు తప్పారని అనడానికి లేదు, ఎవరికీ ఏమీ వినపడదు. మధ్యలో కూర్చున్నవాళ్ళు మాత్రం ఉండుండి తలెత్తి ఇటూ అటూ అనుమానంగా చూసేవాళ్ళు.

ఆ రోజు గోడకి ఏం చెప్పావని నేను పిన్నిని చాలాసార్లు అడిగాను. చెప్పలేదు. ఒకసారి పనిమీద వెళ్ళి ఆ హాల్లో, మనుషుల మధ్య ఒక ఖాళీ పీట మీద కాసేపు కూర్చున్నాను. ఈ చివర పిన్ని గోడతో ఏదో అంది. ఆ చివర జిగురక్క భుజాలు ఊగాయి. జిగురక్క గోడతో ఏదో అంది. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఓరగా నా వైపు చూసింది.

కచ్చితంగా నా గురించే.